పంతులమ్మ ఇవ్వని సెలవు

ఏలూరులో తమ్మిలేరు పక్కనున్న బాలికల ఎయిడెడ్ బడిలో రత్నమాణిక్యం పన్నెండేళ్ళు పంతులమ్మగా చేసింది. చివరికి దొంగ హాజరు వేసిందని ఉద్యోగం తీసేశారు. వేసిన మాట నిజమే. ఊరు ఊరంతా ఆమెను తిట్టిపోసింది. తిట్టాల్సింది ఆ పనికి కాదు, అంతకు మూడేళ్ళ ముందు ఆమె రూలు తప్పకుండా చేసిన పనికి. దానికేమో అందరూ మెచ్చుకున్నారు.

ఆమె పుట్టింది భీమడోలులో. తండ్రి జర్మనీ యుద్ధంలో పటాలంతో బస్రా వెళ్ళి అక్కడే మట్టిలో కలిశాడు. అప్పటికామెకు ఎనిమిదేళ్ళు. ఆ తండ్రి ఎలా నవ్వేవాడో కూడా గుర్తులేదు. మిషను వాళ్ళు చేరదీసి చదివించారు. తండ్రి లేకపోయినా చదువుంటే చాలు, బతికేయొచ్చని అప్పుడే ఆమె మనసులో నాటుకుపోయింది.

అందుకే తన బడిలో ఉన్న నలుగురు సిపాయిల పిల్లలంటే ఆమెకు ప్రాణం. బడి జీతం మాఫీ కోసం అర్జీలు తనే రాసేది. తల్లులకు అక్షరం ముక్క రాదు గనక పటాలం నుంచి వచ్చిన కార్డులు చదివి వినిపించి, జవాబులు కూడా తనే రాసిపెట్టేది. తండ్రి ఊళ్ళో లేడు కదా అని ఎవరైనా ఆ పిల్లల్ని ఏడిపిస్తే బెత్తం విరిగేదాకా వాయించేది. తనదాకా వస్తేగాని తెలియదంటారు. ఈవిడకు తనదాకా వచ్చినా ఒక్క సంగతి తెలియలేదు.

ఆ నలుగురిలో అయిదో క్లాసు రహీమున్నీసా ఒకతె. తండ్రి అబ్దుల్ సలాం క్వెట్టాలో సిపాయి. తల్లి ఆబిదా తివాచీలు నేసే ఇంటి ఆడపడుచు. ఆ బడిలో అయిదో క్లాసు దాకా వచ్చిన ముసల్మాను పిల్ల ఈమె ఒక్కతే. ఇన్‌స్పెక్టరు గారి ముందు ఆ పిల్ల నిలబడి తెలుగు వాచకం గడగడా చదివితేనే, ముసల్మాను ఆడపిల్లల చదువుకని సర్కారిచ్చే గ్రాంటు క్లాసుకు నిలబడుతుంది. లేకపోతే అయిదో క్లాసే ఎత్తేస్తామని మేనేజరు ఈశ్వరప్రసాద్ గారు ముందే చెప్పేశారు.

1935 ఫిబ్రవరిలో సలాం సెలవు మీద వచ్చాడు. మూడేళ్ళ తర్వాత రావడం. నెల్లాళ్ళ సెలవులో రానూపోనూ రైళ్ళకే పదకొండు రోజులు పోతాయి. వచ్చిన మర్నాడే చొక్కా గుండీలన్నీ పెట్టుకుని బడికొచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అమ్మగారూ, పిల్లకి ఒక్క నాలుగు రోజులు సెలవిప్పించండి. కైకలూరులో మా అక్క సైదాబీ ఉందండీ. పిల్లని తీసుకెళ్ళి, కొల్లేట్లో పడవెక్కించి పిట్టల్ని చూపిస్తానని మాటిచ్చానండీ. దీనికి నేనంటే కొత్తండీ. రాత్రి అన్నం పెట్టబోతే వాళ్ళమ్మ వెనక దాక్కుంది."

"నాలుగు రోజులే కదండీ, ఇన్‌స్పెక్షన్ అవగానే తీసుకెళ్ళండి. సోమవారం వస్తున్నారు ఆయన," అంది రత్నమాణిక్యం. "ఈ పిల్ల లేకపోతే క్లాసే ఉండదు. మీ అమ్మాయి చదువు కోసమే కదా చెప్పేది."

"చిత్తమండీ," అన్నాడు సలాం. పటాలంలో పదేళ్ళు చేసినవాడు. పైవాళ్ళు చెప్పింది వినడమే తెలుసు, బతిమాలడం చేతకాదు.

సోమవారం ఇన్‌స్పెక్టరు రాలేదు. గురువారం అని కార్డొచ్చింది. గురువారం జ్వరం అన్నారు. మళ్ళీ సోమవారం అన్నారు, అదీ పోయి పై వారం అన్నారు. పిల్లను మాత్రం రోజూ బడి వదిలాక కూడా కూర్చోబెట్టి, దీపాలు పెట్టే వేళ దాకా వాచకం వల్లె వేయించింది రత్నమాణిక్యం. సలాం సాయంత్రం వచ్చి రోడ్డవతల నిలబడేవాడు. లోపలినుంచి పిల్ల గొంతు వినబడేది. ఇంటికి నడిచే ఆ కాసేపే తండ్రీకూతుళ్ళకు మిగిలింది. నాలుగో రోజుకి పిల్ల అతని వేలు పట్టుకుంది. అది కిటికీలోంచి చూసి రత్నమాణిక్యం సంతోషించింది కూడా. అంత చూసినా, ఇంద తీసుకెళ్ళవయ్యా అనడానికి ఆమెకు నోరు రాలేదు.

మంగళవారం సలాం రైలెక్కాడు. ఇన్‌స్పెక్టరు గురువారం దిగాడు.

రహీమున్నీసా ఒక్క తప్పు లేకుండా చదివింది. ఇన్‌స్పెక్టరు గారు ముగ్ధులైపోయి, సిపాయిల బిడ్డల్ని బళ్ళు ఎలా చూసుకోవాలో ఈ పంతులమ్మను చూసి నేర్చుకోవాలని పుస్తకంలో రాసి సంతకం పెట్టారు. మేనేజరు గారు లడ్డూలు పంచారు.

మే నెలాఖరున క్వెట్టాలో భూకంపం వచ్చింది. కూలిన గోడల కింద పడి పోయినవాళ్ళలో సలాం ఉన్నాడు. పటాలం కాగితం ఇంగ్లీషులో వస్తే, ఆబిదా ఎప్పటిలాగే దాన్ని రత్నమాణిక్యం చేతికే ఇచ్చింది. ఆ కాగితం చదివి చెప్పడం కూడా ఆమె వంతే అయింది.

బళ్ళు తెరిచాక రహీమున్నీసా రాలేదు. పిలవడానికి వెళ్తే ఆబిదా గడపలోనే ఆపింది. "ఇంక చదవదండీ. మగ్గం మీద కూచోబెట్టామండీ," అంది. కోపంగా కూడా అనలేదు. కోపంగా అని ఉంటే రత్నమాణిక్యం తట్టుకునేదేమో.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆమె అప్పటినుంచీ మారింది. ఏ సిపాయి సెలవు మీద వచ్చినా తనే కబురుచేసి, "పిల్లను తీసుకెళ్ళండి, హాజరు సంగతి నేను చూసుకుంటాను," అనేది. అన్ని రోజులూ రిజిస్టరులో వచ్చినట్టే గీత గీసేది. మూడేళ్ళు అలాగే సాగింది. 1938లో కొత్త ఇన్‌స్పెక్టరు చెప్పాపెట్టకుండా వచ్చి తలలు లెక్కపెట్టాడు. రిజిస్టరులో ముప్పై ఒకరు, బెంచీల మీద ముప్పై మంది. ఆ రోజు లేని పిల్ల అచ్చాయమ్మ. సెలవు మీద వచ్చిన తండ్రితో తాడేపల్లిగూడెం పోయింది.

"పిల్లలకు పాఠం చెప్పే మనిషి, అబద్ధం రాస్తారా?" అన్నారు మేనేజరు గారు.

"సెలవు అడిగితే మీరిస్తారా అండీ?" అని మాత్రం అంది. ఇవ్వరని ఆయనకూ తెలుసు.

గొడుగు, సంచీ తీసుకుని వచ్చేసింది. మూడేళ్ళుగా చుట్టు తిరిగి తప్పించుకున్న రహీమున్నీసా వాళ్ళ సందులోకి ఆ రోజు తిన్నగా నడిచింది. ఉద్యోగం పోయిన బాధకన్నా, పోయిన సంగతి ఆ పిల్లకు చెప్పుకోవాలన్న ఆశే ఎక్కువగా ఉంది. ఆ ఒక్కచోట క్షమిస్తే చాలనుకుంది.

పంచలో మగ్గం ముందు రహీమున్నీసా కూచుని ఉంది. పదమూడేళ్ళొచ్చాయి. రత్నమాణిక్యం నిలబడే అంతా చెప్పింది. ఎంతమంది పిల్లల్ని తండ్రులతో పంపిందో, దానికి ఏం పోగొట్టుకుందో చెప్పింది. ఆ పిల్ల ముడులు వేస్తూనే విన్నది.

"మంచి పని చేశారండీ," అంది చివరికి. రత్నమాణిక్యం కళ్ళు తుడుచుకోబోయింది.

"ఆ వేళ ఇన్‌స్పెక్టరు గారి ముందు నేను కావాలనే తప్పులు చదువుదామనుకున్నానండీ," అంది పిల్ల. "మీ పరువు తియ్యాలనే. మా నాన్న రైలెక్కుతూ, అమ్మగారి మాట పోనివ్వకు, బాగా చదువమ్మా అన్నాడండీ. నాన్న నాకు చెప్పిన ఆఖరి మాట అదేనండీ. మీ గురించి."