హాలోవే పేరిట ఆరు అచ్చులు

ఆమోసుకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. పెడనలో కలంకారీ అద్దకాలకి టేకు అచ్చులు చెక్కే రోజుల్లో ఒక వ్యాపారి ఇతని లతల నమూనా ఎత్తుకుపోయి తన సొంతమని చెప్పుకున్నాడు. ఆమోసు ఏమీ అనలేదు. ఏడాదిన్నరపాటు ఆ మనిషితో నవ్వుతూ టీ తాగాడు. సరిగ్గా పెళ్ళిళ్ళ సీజను ముందు, ఊళ్ళో అచ్చులు చెక్కేవాడన్నవాడెవడూ ఆ వ్యాపారి గుమ్మం తొక్కకుండా చేశాడు. ఇదంతా అతని భార్య దీనమ్మకి తెలుసు. అందుకే అతను తక్కువ మాట్లాడిన రోజున ఆవిడకి భయం పట్టుకునేది.

దీనమ్మ నర్సు. డెట్రాయిట్‌లో ఒక ఆస్పత్రి ఆవిడకి ఉద్యోగమిస్తే 1977లో ఇద్దరూ వచ్చి ఫార్మింగ్టన్ హిల్స్‌లో అపార్ట్‌మెంట్ తీసుకున్నారు. ఆమోసుకి అప్పుడు ముప్పై ఏడేళ్ళు. వచ్చిన పనల్లా చెక్క చెక్కడం. మరుసటేడు పటాలు కట్టే షాపులో కుదిరాడు. ఓనరు వాల్టర్ ప్రూయిట్. పాత బొమ్మలు కొని అమ్మడం అతని అసలు వ్యాపారం. మాట తీపి, చెయ్యి మెత్తన. ఆమోసుని "ఏమస్" అని పిలిచేవాడు.

1979లో ప్రూయిట్ ఒహాయోలో జరిగిన వేలంలో ఒక ట్రంకుపెట్టె కొనుక్కొచ్చాడు. అందులో సిరాతో నల్లబడిన ముప్పై అయిదు చెక్కదిమ్మెలు ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దంలో పత్రికల వాళ్ళకి ఫోటోలు అచ్చువేయడం చేతకాదు. చిత్రకారుడు చెక్క మీద తిరగేసి బొమ్మ గీస్తే, చెక్కేవాళ్ళు గీతల మధ్య చెక్క తొలిచి అచ్చు తయారుచేసేవారు. ఈ దిమ్మెల మీద బొమ్మలు గీసినాయన పేరు నాథన్ హాలోవే.

ఆమోసు ఒక దిమ్మె చేతిలోకి తీసుకుని బొటనవేలితో తడిమాడు.

"సార్, దీన్ని ఇద్దరు చెక్కారు. గుర్రం కుడిచేతివాడిది. నీళ్ళు ఎడమచేతివాడివి."

ప్రూయిట్ కళ్ళద్దాలు తీశాడు. "నీకెలా తెలుసు?"

"ఉలి ఎటు నుంచి దిగిందో కనిపిస్తోంది కదా సార్."

ఆ రోజు నుంచి ఆమోసు బతుకు మారింది. పగుళ్ళు పూడ్చడం, అచ్చుతీసి చూడడం, సాయంత్రం లైబ్రరీకి వెళ్ళి పాత పత్రికలు తిరగేయడం. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాడు. హాలోవే జీనులు కుట్టేవాడి కొడుకు. అమెరికా అంతర్యుద్ధంలో సైన్యం వెనక నడుస్తూ, మోకాలి మీద అట్ట పెట్టుకుని ఒక పత్రికకి బొమ్మలు గీశాడు. యుద్ధం అయ్యాక ఒక బొగ్గు గని కూలితే ఆ పత్రికే అతన్ని పంపింది. వరసగా పడుకోబెట్టిన శవాలనీ, పక్కన కూర్చున్న తల్లులనీ గీసి పంపాడు. సంపాదకుడు దిమ్మెలోంచి శవాల్ని తొలిపించేసి వాటి చోట గుర్రబ్బండ్లు పెట్టించాడు. కింద హాలోవే సంతకం మాత్రం ఉంచాడు. ఇంకో పత్రికలో పని దొరక్క, హాలోవే ఆ సంపాదకుడికే పదకొండేళ్ళు బొమ్మలు గీశాడు.

ట్రంకులో దొరకని ఇంకో ఆరు దిమ్మెల్ని పత్రికలో బొమ్మ చూసి మళ్ళీ చెక్కమన్నాడు ప్రూయిట్. గోడకి పెట్టి చూపించడానికే అన్నాడు. 1980 వసంతంలో గాలివానకి అపార్ట్‌మెంట్ వెనకాల పియర్ చెట్టు పడిపోతే, దాని మొద్దు తెచ్చి ఏడాది ఆరబెట్టి, అడ్డంగా కోసి, ఆమోసు ఆ ఆరూ చెక్కాడు. మూడో దిమ్మె చెక్కుతుంటే చెయ్యి ఆగింది. గుర్రాల దొంగ ఎడమ కనురెప్ప సగం వాలి ఉంది. ఆ రెప్పని అంతకు ముందు తను చెక్కాడు. మొదటి దిమ్మెలో సైనికులకి కుళ్ళిన మాంసం అమ్మేవాడి ముఖం మీద. ట్రంకులోని అసలు దిమ్మెలన్నీ దీపం కింద పరిచాడు. సాక్ష్యం మార్చేవాడు, తాగి పడిపోయినవాడు, అనాథల రొట్టె కాజేసేవాడు, అందరిదీ ఒకే ముఖం. వారం తిరక్కుండా లైబ్రరీలో, ఆ పత్రిక చాలా ఏళ్ళ తర్వాత వేసిన వార్షికోత్సవ సంచికలో, సంపాదకుడి ఫోటోలో అదే రెప్ప దొరికింది.

"ఒరేయ్ హాలోవే, నీ తల్లి కడుపు చల్లగుండ!" అని లైబ్రరీలోనే పైకి అనేశాడు. పదకొండేళ్ళు ఆ సంపాదకుడి ఉప్పు తింటూ, ప్రతి దొంగకీ అతని ముఖమే పెట్టి, అతని పత్రికలోనే, అతని చేతే అచ్చు వేయించాడు! ఎప్పుడో చచ్చిపోయిన ఆ అమెరికావాడు ఆమోసుకి అన్నదమ్ముడిలా అనిపించాడు.

మర్నాడు అంతా ప్రూయిట్‌కి చెప్పాడు. ప్రూయిట్ శ్రద్ధగా విని రాసుకున్నాడు.

1983లో పుస్తకం వచ్చింది. అట్ట మీద వాల్టర్ ప్రూయిట్ పేరు. ఎడమచేతివాడి సంగతి ఒక అధ్యాయం, వాలిన రెప్ప సంగతి ఇంకో అధ్యాయం. పేపర్లు ఆ రెండో అధ్యాయాన్నే మెచ్చుకున్నాయి. దీనమ్మకి ఇంగ్లీషు బాగా వచ్చు. చివరి పేజీలో కృతజ్ఞతలు పైకి చదివింది. షాపులో పటాలు కట్టే ఇండియన్ కుర్రాడికి కూడా థాంక్స్ అని ఉంది.

ఆమోసుకి అప్పటికి నలభై మూడేళ్ళు.

"ఏమండీ, వెళ్ళి అడగండి. లాయర్‌తో మాట్లాడదాం," అంది దీనమ్మ.

"నేను చెప్పిందంతా నోటిమాట. కాగితం ముక్క ఉందా?" గొంతు బాగా తగ్గిపోయింది.

"అయితే ఆ జాబ్ మానేయండి. నా జీతం చాలు మనకి."

"మానను."

"ఎందుకూ?"

"పులుసు బాగుంది. ఇంకొంచెం వెయ్యి."

దీనమ్మ గిన్నె దగ్గరకి జరిపి పులుసు వేసింది. మర్నాడు ఆమోసు కొత్త చొక్కా వేసుకుని షాపుకి వెళ్ళి, ప్రూయిట్‌కి కంగ్రాచ్యులేషన్స్ చెప్పి, పుస్తకం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఆ తర్వాత మూడేళ్ళు ఒక్కరోజు నాగా పెట్టలేదు. ఆదివారం తెలుగు ఆరాధనలో పాస్టర్ దైవాశీర్వాదంగారు క్షమాపణ గురించి ప్రసంగం చేస్తే కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చునేవాడు.

1986లో ఒహాయోలోని ఒక చిన్న మ్యూజియం హాలోవే దిమ్మెలు కొంటామని వచ్చింది. ప్రూయిట్ తయారుచేసిన జాబితాలో నలభై ఒకటి ఉన్నాయి. అన్నీ హాలోవే కాలంలో చెక్కినవేనని సంతకం పెట్టాడు. ఆమోసు చెక్కిన ఆరూ సిరా పట్టించాక పాత దిమ్మెల్లోనే కలిసిపోయాయి.

"జాగ్రత్తగా ప్యాక్ చెయ్యి, ఏమస్," అన్నాడు ప్రూయిట్, అతని కళ్ళలోకి చూడకుండా.

"యెస్ సార్."

ఒక్కొక్కటీ పసిపిల్లని చుట్టినట్టు చుట్టాడు. అక్టోబరులో ప్రదర్శన మొదలైంది. ప్రూయిట్ ఉపన్యాసం ఇచ్చాడు. ఊరి పేపర్లో అతని ఫోటో పడింది. ఆమోసు ఆ ఫోటో వచ్చేదాకా ఆగాడు. తర్వాతి మంగళవారం షాపుకి సెలవు పెట్టి, గుడ్డసంచి ఒకటి పక్కసీట్లో పెట్టుకుని ఒహాయోకి డ్రైవ్ చేశాడు.

మ్యూజియంలో బొమ్మల విభాగం చూసుకునే ఆవిడ ఎలినార్ బ్రాండ్. అరవై దాటిన మనిషి. ఆమోసు సంచిలోంచి ఆరు చెక్కముక్కలు తీసి బల్ల మీద వరసగా పెట్టాడు. దిమ్మెలు కోయగా మిగిలిన ముక్కలు.

"గుర్రాల దొంగ దిమ్మె తెప్పించండి మేడమ్."

తెచ్చారు. ముక్కని దిమ్మె పక్కన చేర్చాడు. చెట్టు వయసు చెప్పే వలయాలు ఇటునుంచి అటు గీత తప్పకుండా కలిశాయి. చెక్కలో ఒక నల్లటి ముడి, సగం దిమ్మెలో, సగం ముక్కలో.

"ఈ చెట్టు 1980 దాకా మా కిటికీ ముందు కాయలు కాసింది," అన్నాడు. "చెక్కింది నేను. ప్రూయిట్ షాపులో పనిచేస్తాను."

ఆవిడ మిగతా అయిదూ తనే చేర్చి చూసుకుంది.

"వీటిని ప్యాక్ చేసింది కూడా మీరే కదా? అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"అప్పటికి ఆయన నిచ్చెన మొదటి మెట్టు మీదే ఉన్నాడు మేడమ్. అక్కణ్ణుంచి పడితే దెబ్బ తగలదు."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. ఆ చూపులో కృతజ్ఞత లేదు. "అంటే ఈ మోసంలో మీరూ ఉన్నారు."

ఆ మాట ఆమోసు ఎదురుచూసింది కాదు. ముక్కలు అక్కడే వదిలేసి వచ్చేశాడు.

తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. ప్రదర్శన మూసేశారు. ఆరు దిమ్మెలు వెనక్కొచ్చాయి. ప్రూయిట్ మాట మీద నమ్మకం పోయి పుస్తకం వేసినవాళ్ళు ఉన్న కాపీలన్నీ వెనక్కి తెప్పించి చించేశారు. ప్రూయిట్ దగ్గర బొమ్మలు కొన్నవాళ్ళంతా తమవి అసలువో నకిలీవో తేల్చమని ఫోన్లు చేశారు. డిసెంబర్లో ఒక శనివారం మధ్యాహ్నం ప్రూయిట్ అపార్ట్‌మెంట్‌కి వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. ఆమోసు లోపలికి రమ్మనలేదు.

"ఏమస్, ఆరు దిమ్మెలూ పొరపాటున కలిసిపోయాయని ఒక్క లెటర్ రాసివ్వు. పుస్తకం మళ్ళీ వేయిస్తాను. మన ఇద్దరి పేర్లతో. నీ పేరే ముందు ఉంటుంది. హాలోవేని కనిపెట్టింది నువ్వేనని ముందుమాటలో రాస్తాను."

వంటగదిలో దీనమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆమోసు తలుపుకి ఆనుకుని తీరిగ్గా విన్నాడు. ప్రూయిట్ చెప్పిందే మళ్ళీ చెప్పాడు. మూడోసారి "ప్లీజ్" అన్నాడు.

"ఆ పుస్తకం మీది సార్," అన్నాడు ఆమోసు మెల్లగా. "మీ దగ్గరే ఉండనివ్వండి."

తలుపు వేశాడు. దీనమ్మ బయటికొచ్చింది.

"మూడేళ్ళు కుమిలిపోయింది ఆ పేరు కోసమే కదండీ? ఇంటికొచ్చి ఇస్తానంటే వద్దంటారేం?"

"నేనూ పేరు కోసమే అనుకున్నాను."

"మరి?"

"ఆయన మూడోసారి బతిమాలినప్పుడు తెలిసింది, నాకు కావలసింది అదేనని."

"తృప్తిగా ఉందా?"

"ఉంది." అబద్ధం చెప్పలేదు. ఆ మధ్యాహ్నం రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు.

మరుసటేడు షాపు మూతపడింది. ప్రూయిట్ ఫ్లోరిడా వెళ్ళిపోయాడని తెలిసింది. ఆమోసుని ఆ వ్యాపారంలో ఎవరూ పనిలోకి తీసుకోలేదు. వంటింటి అలమరలు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరాడు. అక్కడ చెక్క కోసేది మెషిన్లే.

1988లో ఎలినార్ బ్రాండ్ ఉత్తరం రాసింది. అసలైన ముప్పై అయిదు దిమ్మెలు మ్యూజియంలోనే ఉన్నాయనీ, వాటిని చదవగలిగినవాళ్ళు తనకి ఇంకెవరూ తెలియదనీ, వచ్చి హాలోవే గురించి చెప్పగలరా అనీ. దీనమ్మ చదివి వినిపించింది. ఆమోసు ఉత్తరం మడిచి కవర్లో పెట్టేశాడు.

"జవాబు రాయమంటారా?"

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"మోసంలో నేనూ ఉన్నానందిగా. మోసగాడితో ఆవిడకేం పని?"

"ఆవిడ మీద కూడా పగేనా?" అంది దీనమ్మ. "పోనీ మీ సంగతి వదిలేయండి. ఆ హాలోవే మీకేం అపకారం చేశాడు? శవాల బొమ్మ సంగతి, రెప్ప వాలినవాడి సంగతి ఇప్పుడెవరికి తెలుసు? ఉన్న ఒక్క పుస్తకమూ చింపించేశారు. పాపం, ఆయన్ని మళ్ళీ పాతిపెట్టేశారు."

ప్రూయిట్ మీద ఆమోసుకి ఏ రోజూ జాలి కలగలేదు. ఆ రాత్రి మాత్రం పులుసు బాగున్నా సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు. ఉత్తరానికి జవాబు మాత్రం రాయలేదు.