డప్పుకు అతికించిన బిళ్ళ

మా ఆయన డప్పుకు ట్రిగ్గర్ పెట్టిన సంగతి ఎత్తినప్పుడల్లా, అది నడి ఎండకాలంలో జరిగిందని మా మరిది అంటాడు. కాదు. అప్పటికి మిరుగం కార్తె వచ్చింది, తొలకరి తుంపర పడుతోంది. ఎండకాలమే అయితే ఆ రోజు డప్పు కాచే మంటతో పనే ఉండేది కాదు.

అంతకు ముందు ఏడాది మా ఆయనకు పక్షవాతం వచ్చింది. నల్లగొండ దవాఖానలో నెల పైన ఉన్నాము. కాలు బాగైంది, మాట బాగైంది, కుడి చెయ్యి మాత్రం సగమే తిరిగి వచ్చింది. డప్పుకు బలమంతా కుడి చేతిలోని పొట్టి కర్ర, అదే చిర్రతోనే. ఎడమ చేతిలోని సన్న పుల్ల దానికి తోడు మాత్రమే. చిట్యాలలో మా మరిది నడిపే మేళంలో ఈయనది ముందు వరుస. చెయ్యి అలా అయ్యాక ఈయన దెబ్బ పక్కవాళ్ళ మోతలో మునిగిపోయేది. ఇక మేళంలో నిలబడతాడా, ఇంట్లో కూర్చుంటాడా అన్నదే తేలాలి. మార్కెట్ యార్డులో లెక్కలు చూసే ఉద్యోగం నాది, కాబట్టి ఇల్లు గడుస్తుంది. ఆయనకు మాత్రం పొద్దు గడవడం లేదు.

మరిది పట్నం వెళ్ళి రెండు ట్రిగ్గర్లు తెచ్చాడు. అందులో ఒకటి రూపాయి బిళ్ళంత ఇత్తడి రేకు, దానికి సన్నని వైరు. డప్పు తోలుకు అతికిస్తే, చిర్ర తగిలినప్పటి అదురును పట్టి ఒక పెట్టెకు అందిస్తుంది. పెట్టెలో ముందే నింపి ఉంచిన డప్పు చప్పుడు స్పీకరులోంచి వస్తుంది. మెల్లగా కొట్టినా గట్టిగా మోగుతుంది. రెండోది తోలుకు కాదు, చట్రం అంచుకు మరతో బిగించేది.

ఏది మంచిదో చూడకుండా ఒప్పుకునే మనిషిని కాను. వాకిట్లో రెండింటినీ పెట్టి చూశాము. మరతో బిగించినది ఊడదు, కానీ ఎడమ చేతి పుల్ల చట్రానికి ఆనినా, భుజం మీది పట్టీ కదిలినా మోగుతుంది. అతికించిన బిళ్ళ ఆయన దెబ్బను బాగా పట్టింది. అయితే పక్కన మరిది తన డప్పు కొట్టగానే, ఈయన చిర్ర ఎత్తకముందే పెట్టె పలికింది. ఆ అదురు కూడా దానికి చాలు. పెట్టె మీది గుండీ తగ్గిస్తే పక్క డప్పును వదిలేసింది, ఈయన దెబ్బలూ సగం వదిలేసింది. పెంచడం, తగ్గించడం, సాయంత్రం దాకా అదే పని. ఆయన మేము కొట్టమన్నప్పుడల్లా కొట్టాడు.

చివరకు బిళ్ళే నయమని మరిది తేల్చాడు. ఒక్క చిక్కు. వాన రోజుల్లో కొట్టేముందు డప్పును మంటకు కాచాలి. తోలు బిగుసుకుంటేనే పలుకుతుంది. కాచే ప్రతిసారీ బిళ్ళ తీసి, కాచాక మళ్ళీ అతికించాలి. ఇంట్లో ఆ పని నేను చేసేదాన్ని. ఆయన కుడి వేళ్ళకు అంత సన్నని పని రాదు.

మేళం తెస్తున్న క్యాసెట్టు కోసం నల్లగొండలో ఒక గదిలో పాటలు రికార్డు చేశారు. అక్కడ ఆయన ఒక్కడే కూర్చుని కొట్టాడు. పక్క మోత లేదు, తేమ లేదు. ఒక్క దెబ్బ తప్పలేదు. తిరిగి వినిపిస్తే మరిది కళ్ళు చెమర్చాయి. మా ఆయన తల వంచుకుని చివరిదాకా విన్నాడు.

"గిది ఎవరి డప్పు?" అన్నాడు.

"నీదే అన్నా."

"నా సేతుల గింత బలం యాడిదిరా?"

మరిది నావైపు చూశాడు. నేను బిళ్ళ ఊడదీయడానికి వంగాను.

కట్టంగూరులో పెళ్ళికి ఒప్పుకున్నది ఆ తర్వాతే. పొద్దున ఎదురుకోళ్ళు. ఊరి మొదట్లో మేళమంతా దిగింది. పెళ్ళివారు మాకు చుట్టాలు కాబట్టి నేను ఆడవాళ్ళతో రోడ్డుకు అవతలి పక్కన ఉన్నాను. మరిది బిళ్ళ అతికించి, వైరు బిగించి, పెట్టె ఉన్న ఆటో దగ్గరికి వెళ్ళాడు. మేళంలో ఒకాయన మా ఆయనకు బావ వరస. "ఏం బావా, డప్పుకు కరెంటు వెట్టిచ్చినవా? బిల్లు ఎవలు గడ్తరు?" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు.

తుంపరకు తోళ్ళు మెత్తబడ్డాయి. ఎవరో ఎండుగడ్డి తెచ్చి అంటించారు. డప్పులోళ్ళంతా మంట చుట్టూ చేరారు. బుద్ధి తెలిసినప్పటి నుంచి చేసిన పనే కదా, ఆయన కూడా వైరు పీకి, డప్పు తీసుకుని వాళ్ళ నడుమ వంగాడు. బిళ్ళ తోలు మీదే ఉంది. నేను పిలిచాను. బూరలు అప్పుడే ఎత్తుకున్నాయి. రోడ్డు దాటబోతే మగపెళ్ళివారి జీపులు అడ్డం వచ్చాయి. జీపుల సందులోంచి ఆయన డప్పును తిప్పి తిప్పి కాచడం, బొటనవేలితో మీటి చూడడం కనిపించింది. అవతలికి చేరేసరికి ఆయన వైరు తగిలించుకుని వరుసలో కలిశాడు. బిళ్ళ కింది జిగురు కరిగి, బిళ్ళ తోలు మీద నుంచి వేలాడుతోంది.

ఊరి మొదటి నుంచి పందిరి దాకా కొట్టాడు. పెట్టె ఒక్కసారి కూడా పలకలేదు. మరిది ఆటోలో గుండీలు తిప్పి తిప్పి చేతులు కట్టుకున్నాడు. నేను పక్కనే నడిచాను. ఆపమని చెప్పలేకపోయాను. చెయ్యి లేస్తోంది, పడుతోంది. నాలుగడుగుల దూరంలో ఆ దెబ్బ నాకే వినబడలేదు.

పందిరి దగ్గర డప్పు దించాక నెమ్మదిగా చెప్పాను, బిళ్ళ ఊడిందని.

"ఎరుకే," అన్నాడు. "మొదటి దెబ్బకే ఎర్కైంది."

"మరి ఆగొద్దా?"

"డప్పు మంచిగ కాగింది," అన్నాడు.

తర్వాతి పెళ్ళికి మరిది ఆయన జాగాలో ఎలక్ట్రానిక్ ప్యాడ్లు వాయించే అతన్ని పెట్టుకున్నాడు. చెప్పడానికి వచ్చి, చెప్పలేక, చాయ్ తాగి వెళ్ళాడు. వచ్చిన పని మాకు తెలిసింది. నేను చాయ్ గ్లాసులు తీశాను.

క్యాసెట్టు మాత్రం బాగా నడిచింది. చిట్యాల బస్టాండు హోటల్లో అది మోగుతుంటే జనం ఆయన్ను ఆపి, డప్పంటే నీదేనని మెచ్చుకునేవారు. ఆయన తల ఊపి వచ్చేసేవాడు. తుంపర పట్టిన రోజున డప్పు దించి పొయ్యి దగ్గర కాచేవాడు. బొటనవేలితో ఒకసారి మీటి, మళ్ళీ గోడకు తగిలించేవాడు. తియ్యడానికి తోలు మీద బిళ్ళ లేదు. నేను ఊరికే పక్కన నిలబడేదాన్ని.