విప్పేసిన చీర గార్డు

తమ్ముడు తన క్రూజర్ బండికి వెనక లావు టైరు వేయించాడు. చైన్ కవరు టైరుకి రాసుకుంటోందని మెకానిక్ తీసేశాడు. చక్రం పక్కనుండే చీర గార్డునేమో అందానికి అడ్డమని తమ్ముడే విప్పించాడు. నాకు చెప్పలేదు. వాడి వెనక కూర్చుని గుడికి బయలుదేరి, నది మీది మాంగో వంతెన ఎక్కేసరికి నా కొంగు చైనులో చిక్కుకుంది. బండి మెల్లగా పోతోంది కాబట్టి కొంగే చిరిగింది, నేను మిగిలాను. అమ్మవారికి అక్కడే దండం పెట్టుకున్నాను.

"చీర కట్టి క్రూజర్ ఎక్కుతారేటక్కా? సల్వార్ పహన్ లో నా!" అని, సల్వార్ వేసుకోమని హిందీలో చెప్పి నవ్వాడు తమ్ముడు.

నాకు ఒళ్లు మండిపోయింది.

"నీ టైరు కోసం నేను చీర మానాలేట్రా? గార్డు బిగించేదాకా నీ బండెక్కను!"

చిరిగిన కొంగు నడుముకు చుట్టుకుని గుడిదాకా నడిచే వెళ్లాను. దారిలో నామం జపిద్దామనుకున్నాను. నోటికి వచ్చినవన్నీ తిట్లే.