సాత్తూరు కోసం మేం చేసిన విమాన యుద్ధం

మా చిన్నప్పుడు... అమ్మ కూలికి అగ్గిపెట్టెల అట్టలు అతికించే చెక్కబల్ల మధ్యాహ్నం కాగానే యుద్ధరంగమయ్యేది. కోవిల్‌పట్టి వైమానిక దళం నాది. విరుదునగర్ దళం, సెలవులకు మా ఇంటికొచ్చే పెద్దనాన్న కొడుకు శీనన్నది.

తెల్లవాళ్లు వెళ్లిపోయాక తమిళనాడులోని ఈ రెండు ఊళ్లూ వేరు వేరు దేశాలయ్యాయట... మధ్యలో ఉన్న సాత్తూరు కోసం కొట్టుకుంటున్నాయట. ఆ చరిత్ర మేం కల్పించుకున్నదే.

విమానాలు మాత్రం నిజమైనవి. ఏవేవో దేశాలవాళ్లు ప్రయోగానికి ఒకటో రెండో చేసి, వద్దనుకుని పక్కన పడేసిన జెట్‌లు. శీనన్న లైబ్రరీ పుస్తకంలో చూసి అట్టతో కోసేవాడు. తోక లేనిదొకటి... రెక్కలు ముందుకు వంగినదొకటి... ఎంత ఎత్తులో ఎగురుతుంటే కింద అన్ని ఖాళీ అగ్గిపెట్టెలు పేర్చేవాళ్లం.

దెబ్బ ఎక్కడ తగిలిందో పాచిక చెప్పేది. రెండు పడితే రెక్క విరిగినట్టు. ఐదు పడితే ఇంజన్ పేలినట్టు. ఆరు పడితే పైలట్ చచ్చినట్టే... ఆ విమానాన్ని అక్కడికక్కడే కాల్చెయ్యాలి. ఆ నియమం పెట్టింది నేనే. పదేళ్లదాన్ని. మంట చూస్తే భలే సంతోషం.

ఒకరోజు ముందుకు వంగిన రెక్కల జెట్‌ను శీనన్న యుద్ధంలోకి దింపాడు. నాలుగు రోజులు కూర్చుని చేశాడు, వెండికాగితం కూడా అతికించాడు. దాంతో నావి మూడు కూల్చి, మూడూ బూడిద చేశాడు. మిగిలిన నా ఒక్క విమానం దాని వెనక్కి చేరింది. పాచిక వేశాను... ఆరు.

"ఇది ఒగటి వద్దు పాపా," అన్నాడు మెల్లిగా. "ఇంగొకటి కాల్చుకో."

"నావి మూడు కాల్చితివే... అప్పుడు నేను వద్దంటినా?" అని పుల్ల గీసి అంటించేశాను.

అన్న మండుతున్న విమానాన్ని గుప్పిట పట్టేశాడు. వెండికాగితం, బంక చర్మానికి అతుక్కుపోయాయి. రెండో చేత్తో స్టీలు స్కేలు తీసి నా ముఖాన కొట్టాడు. కనుబొమ చీలింది. కంట్లోకి రక్తం... ఏమీ కనబడకపోయినా అన్న మోచెయ్యి దొరకబుచ్చుకుని, నెత్తురు వచ్చేదాకా కొరికాను. బల్ల తిరగబడింది.

అమ్మ పరిగెత్తుకొచ్చి ఇద్దర్నీ చీపురుతో బాదింది. ఆ తర్వాతే అన్న అరచెయ్యి చూసింది... అక్కడే కూలబడింది.

"ఏల కొట్టుకుంటిరి?"

"సాత్తూరు కోసం," అన్నాను.

"సాత్తూరులో మనకేముండాది?"



వారం తర్వాత ఊరికి వెళ్లేముందు అన్న ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. కుడిచేతికి కట్టు, ఎడమచేత్తో వంకరగా అరవంలో రాశాడు. అరవ బడి పిల్లలం, మాకప్పుడు తెలుగు రాయడం రాదు. ఆరు పడితే పైలట్‌కు ఇంకొక పాచిక... రెండోసారీ ఆరే పడితే పారాచూట్‌తో దూకి బతుకుతాడు. కొత్త నియమం.

దెబ్బలకు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

మొన్న విరుదునగర్ వెళ్తే శీనన్న కూతురు ఫోన్‌లో విమానాలు కూలుస్తోంది. చచ్చినవాడు మూడు లెక్కపెట్టేలోగా మళ్లీ ఎగురుతున్నాడు.

"ఎవరితో ఆడతావుండావు పాపా?" అని అడిగాను.

"తెలీదత్తా... ఎవురో," అంది తలెత్తకుండా.

మేం కొట్టుకున్నాం, కాల్చుకున్నాం... కానీ బల్లకు అవతల ఎవరున్నారో తెలిసేది. మీ బల్లకు అవతల ఎవరుండేవారు?