పడుకోని పిల్లి

యుద్ధం రోజుల్లో రైలు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. చిత్తూరు బండి కోసం పాకాల స్టేషనులో మధ్యాహ్నమంతా కూర్చున్నాను. పక్కన మామిడికాయల గంపలో పిల్లి. నెల కిందట పోయిన నా భార్య పెంచింది. దారి గుర్తుపెట్టుకుని వెనక్కి పారిపోకుండా గంపకు గుడ్డ బిగించి కట్టాను. గంప సందుల్లోంచి చూస్తే అది నోరు తెరిచి రొప్పుతోంది. ఎండకనుకున్నాను.

ఎదురు బెంచీ మీది అవ్వ ఎవరో లేచి వచ్చి, అడక్కుండానే గుడ్డ విప్పింది.

"కుక్క నోరు తెరిసి రొప్పుతాది గానీ పిల్లి అట్ల రొప్పదు నాయనా. మెడ సాపి, ముందుకాళ్లు ఎడంగా పెట్టి ఎట్ల కూసోనుండాదో సూడు. పండుకుంటే దానికి ఊపిరాడదు. ఎన్నాళ్లాయ ఇట్ల కూసోబట్టి?"

"అలవాటనుకుంటి అవ్వా."

ఆమె పిల్లిని తాకలేదు. గంపను మెల్లగా నీడలోకి జరిపింది.

"బెదిరిస్తే ఇంకా ఎక్కువైతాది. సిత్తూర్లో దిగి నేరుగా పసువుల ఆసుపత్రికి ఎత్తుకోని పో."

బండి వచ్చింది. గంప మూయకుండా ఒళ్లో పెట్టుకుని ఎక్కాను. అవ్వ ఎటు పోయిందో చూడలేదు.

చివరి పదిరోజులూ నా భార్య గోడకానుకుని కూర్చునే నిద్రపోయింది. సరిగ్గా పడుకోమని నేను రోజూ కసిరేవాణ్ణి.