రూబీ సాకెట్లు, సోములు మైకు

విశాఖపట్నంలో రూబీ చేస్తున్న ఉద్యోగం ఓ సోమవారం పొద్దున్న పోయింది. ఆఫీసు బెంగళూరుకి మారుస్తున్నామనీ, వచ్చేవాళ్లు రావచ్చనీ కంపెనీవాళ్లు చెప్పారు. రూబీ బెంగళూరు వెళ్లలేదు. పెట్టె సర్దుకుని రాజాం బస్సెక్కింది. ఇది 2015 నాటి మాట.

తండ్రి ఆదాము రాజాంలో వడ్రంగి మేస్త్రి, బాప్టిస్టు చర్చిలో పెద్ద. తల్లి సీతమ్మ అంగన్‌వాడీ టీచరు. కూతురు ఇంటికొచ్చేసినందుకు సీతమ్మ ముందు సంబరపడింది, తరవాత పెళ్లి సంబంధాల ఊసెత్తింది, ఆ తరవాత కూతురి మొహం చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ ఆదివారమే చర్చి దగ్గర ఎవరో చెప్పారు, పక్కనున్న చక్కెర ఫ్యాక్టరీలో కంప్యూటర్ తెలిసిన మనిషి కావాలట అని. సోమవారానికల్లా రూబీ ఫ్యాక్టరీ గేటు ముందుంది.

ఆ ఫ్యాక్టరీ చెరకు యార్డు చూస్తే తిరునాళ్లు గుర్తొస్తాయి. సీజను మొదలైతే చాలు, ట్రాక్టర్లూ టైరుబళ్లూ చెరకు నింపుకుని వచ్చి వరస కడతాయి. గేటు దగ్గర టోకెన్ ఇస్తారు. ఆ నంబరు పిలిచాక బండి కాటా ఎక్కాలి. తూకం అయ్యాక చెరకు గానుగ వైపు పోతుంది. కాటాలు రెండు: ఒకటి కొత్తది, చురుకైనది. రెండోది పాతది, బండెక్కాక అంకె తేల్చడానికి తీరిగ్గా ఆలోచించుకునేది.

నంబర్లు పిలిచేది సోములు. యాభై దాటిన మనిషి, చేతిలో మైకు, మెడలో మఫ్లరు.

"నలభై రెండు! నలభై రెండో నంబరెవులు? ఒరే బావా, టీ తరవాత తాగుదువు గాని, ముందు బండి కదుపు. నీ ఎనకనోడికి గెడ్డం పెరిగిపోతన్నాది!"

యార్డంతా నవ్వేది. సోములు గొంతు వినడానికే కొందరు రైతులు కొడుకుల్ని పంపకుండా తామే బండి తోలుకొచ్చేవారు. చిక్కల్లా ఏమిటంటే, కబుర్లలో పడితే అతను నంబర్లు మరిచిపోయేవాడు. ఎవరి ఆవు ఈనిందో, ఎవరింట్లో మనవడు పుట్టాడో మైకులో చెబుతూంటే రెండు కాటాలూ ఖాళీగా ఎండలో మెరుస్తూ ఉండేవి. అందుకని ఫ్యాక్టరీవాళ్లు యార్డులో ఎలక్ట్రానిక్ బోర్డులు పెట్టాలనుకున్నారు.

యార్డు మేనేజరు నరసింగరావు రూబీకి పని అప్పగించాడు. టోకెన్ గదిలో ఒక కంప్యూటరు, రెండు కాటాల దగ్గర చెరొకటి, మూడు చోట్ల బోర్డులు. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. సీజను మొదలయ్యేలోగా.

"అవుతాదా అమ్మా?"

"అవుతాది సార్," అంది రూబీ.

అంత ధీమాకి కారణం ఉంది. విశాఖపట్నంలో ఆమె జీరోఎంక్యూ అనే లైబ్రరీతో పనిచేసింది. వేరువేరు కంప్యూటర్లలో ఉన్న ప్రోగ్రాములు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి అది పనికొస్తుంది. ప్రతి ప్రోగ్రాముకీ ఒక సాకెట్, అంటే కబురు వచ్చిపోయే కిటికీలాంటిది, తెరిచిపెడుతుంది. కిటికీల్లో రకాలున్నాయి. అడిగి జవాబు కోసం ఆగేది ఒకటి, చాటింపు వేసేది ఒకటి, పని పంచిపెట్టేది ఒకటి. ఏ చోట ఏ రకం పెట్టాలో తెలియడమే విద్య. రూబీకి మొదటి రకం బాగా వచ్చు. అందుకని అన్నిచోట్లా అదే పెట్టింది.

మైకు పక్కనుంచి తీగలు లాగుతున్న రోజున సోములు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నా గొంతు నొక్కడానికొచ్చిన గుంట నువ్వేనేటమ్మా?"

రూబీ తీగ లాగుతూనే తలెత్తింది. "నాకు ఇచ్చిన పని చేస్తన్నాను బాబాయ్," అంది.

"సెయ్యి, సెయ్యి. నానేటి వద్దన్నానా?" అని మైకుని మఫ్లరుతో తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

సీజను మొదటి రోజు కొబ్బరికాయ కొట్టారు, బోర్డులు వెలిగించారు. గంటసేపు అంతా ముచ్చటగా నడిచింది. టోకెన్ గది కంప్యూటరు "బండి పంపనా?" అని కాటాని అడగడం, కాటా "పంపు" అనడం, బోర్డు మీద ఎర్రంకె వెలగడం. నరసింగరావు రెండు టీలు తెప్పించి ఒకటి రూబీ చేతికిచ్చాడు. ఆమె ఇంకా మొదటి గుక్క మింగలేదు, కరెంటు ఒక్కసారి కన్నుకొట్టి వచ్చింది.

కొత్త కాటా దగ్గరి కంప్యూటరు ఆగి, మళ్లీ లేచింది. కానీ బోర్డు మీది అంకె మారలేదు. జరిగిందేమిటంటే, టోకెన్ గది అప్పుడే ఒక ప్రశ్న అడిగింది. జవాబు వచ్చేదాకా రెండో మాట అనకూడదన్నది ఆ రకం సాకెట్ నియమం. నిద్రలేచిన కాటాకేమో తననెవరో ప్రశ్న అడిగినట్టే గుర్తులేదు, అడిగితే చెబుదామని కూర్చుంది. నువ్వు ముందంటే నువ్వు ముందని మర్యాదకి పోయి విస్తరి ముందు చెయ్యి కడగని కొత్త వియ్యంకుల్లా రెండూ ఒకదాని మొహం ఒకటి చూస్తూ ఉండిపోయాయి. ఆ టోకెన్ గదినే నమ్ముకున్న పాత కాటా కూడా ఖాళీగా నిలబడింది.

కాసేపటికి బళ్ల వరస గేటు దాటింది. ఇంకాసేపటికి పెద్దరోడ్డెక్కింది. పాలకొండ వెళ్లే బస్సు హారన్ కొట్టడం మొదలెట్టింది. రైతులు టోకెన్ గది కిటికీ చుట్టూ మూగారు.

"ఏటమ్మా ఇది?" అన్నాడు నరసింగరావు. గట్టిగా కూడా అనలేదు, అదే రూబీకి ఎక్కువ గుచ్చుకుంది.

ఆమె కీబోర్డు ముందుకి లాక్కుంది. అప్పుడు స్పీకర్లు గరగరమన్నాయి.

"అయ్యలారా, అమ్మలారా! కంప్యూటరమ్మకి నీరసం వొచ్చింది. టిఫినీ సెయ్యకుండా వొచ్చినట్టున్నాది. ఆయమ్మ లేసేలోపల మీ సోములున్నాడు. పద్దెనిమిదో నంబరు కొత్త కాటాకి, పంతొమ్మిది పాత కాటాకి, బేగి బేగి!"

జనం నవ్వారు. బళ్లు కదిలాయి. మధ్యాహ్నానికి రోడ్డు ఖాళీ అయింది. రూబీ మైకు దగ్గరికెళ్లి నిలబడింది. అతను ఏదో ఒకటి ఎత్తిపొడుస్తాడని ముందే తలొంచుకుంది.

"ఏటలగ సూస్తావు? ఎల్లి బువ్వ తిను," అన్నాడు సోములు.

సాయంత్రం నరసింగరావు గదిలో ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. "తప్పు నాదే సార్. సాకెట్లు తప్పు రకం పెట్టాను. అన్నీ మార్చాలి."

"ఓస్, అంతేనా! మార్చీ," అన్నాడాయన తేలిగ్గా.

మర్నాడు పొద్దున్నే ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్ జోగయ్య టోకెన్ గదికొచ్చాడు. ఒక చేతిలో టెస్టరు, ఇంకో చేతిలో అట్టపెట్టె నిండా గోడకి బిగించే ప్లగ్గు సాకెట్లు.

"సార్ పంపారమ్మా. రెండు కన్నాలవా, మూడు కన్నాలవా?"

రూబీ అతని వంక చూసింది, పెట్టె వంక చూసింది. కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది. విషయం తెలియకుండానే జోగయ్యా నవ్వాడు. ఎలాగూ వచ్చాను కదాని మూల వదులుగా ఉన్న ప్లగ్గు ఒకటి మార్చి వెళ్లాడు.

రెండోసారి ఆమె పంచిపెట్టే రకం సాకెట్ పెట్టింది. అందులో ప్రశ్నా లేదు, జవాబూ లేదు. టోకెన్ గది నంబర్లు తోస్తూ పోతుంది, కాటాలు లాక్కుంటూ పోతాయి. ఎవరూ ఎవరికోసమూ ఆగరు. నిజంగానే ఏదీ ఆగలేదు. కానీ మూడోనాటికి యార్డులో గుసగుసలు మొదలయ్యాయి. నాలుగోనాడు తవిటమ్మ నేరుగా గదిలోకే వచ్చేసింది. తవిటమ్మ పక్కూరి రైతు, సొంత ఎడ్లు, సొంత టైరుబండి. ఆమె నోటికి ఆ ఎడ్లే భయపడతాయని చెప్పుకునేవారు.

"ఏటే పిల్లా, మా ఎనకాతల వొచ్చినోలు తూకం ఏయించుకుని, ఇంటికెల్లి, బువ్వ తిని తొంగున్నారు కూడాను. మేవింకా పాత కాటాకాడే ఉన్నాం. ఆలు నీకు సుట్టాలేటి?"

"కాదమ్మా, కంప్యూటర్ రెండు కాటాలకీ సమానంగా పంచుతుంది. దీనికొకటి, దానికొకటి అని," అంది రూబీ.

"ఆ కాటా పరిగెడతాది, ఈ కాటా పాకుతాది. రెండిటికీ సమానంగా పంచితే నాయమేటి?"

తవిటమ్మ అరిచిన అరుపుకి చెవులు గింగురుమన్నాయి గానీ, జరిగిందదే. ఆ రకం సాకెట్ పేకముక్కలు పంచినట్టు వంతులవారీగా పంచుతుంది. తీసుకున్నవాడు పని తెమిల్చాడా లేదా అని చూడదు. సగం బళ్లు పాత కాటా వెనక పడి ఉంటే కొత్త కాటా మనిషి గోళ్లు గిల్లుకుంటున్నాడు. రూబీ ఇంటికెళ్లి ఆ లైబ్రరీ గురించిన పుస్తకం తెరిచింది. విశాఖపట్నంలో పని గడిచిపోతోంది కదాని మొదటి అధ్యాయం దగ్గరే ఆపేసిన పుస్తకమది. మూడో అధ్యాయంలో అచ్చం తన యార్డు గురించే రాసినట్టుంది. చివాట్లు పెట్టడం ఒక్కటే తక్కువ.

ఈసారి మధ్యలో పేరుపేరునా కబురందించగల రకం సాకెట్ కూర్చోబెట్టింది. కాటా తనంతట తానే "నేను ఖాళీ" అంటుంది. అన్న కాటాకే తరవాతి నంబరు వెళుతుంది. మధ్యలో కరెంటు పోయి లేస్తే, కాటా మళ్లీ "నేను ఖాళీ" అంటుంది, పని నడుస్తుంది. తూకం కాకుండా ఆగిపోయిన నంబరు తిరిగి వరసలో ముందుకొస్తుంది. కొత్త కాటా గబగబా లాగింది, పాతది తన తీరున తాను లాగింది. సాయంత్రానికి తవిటమ్మ బండి ఖాళీ చేసుకుని గది ముందునుంచి పోతూ, "సుట్టరికం మానేసినట్టున్నావు," అంది.

బోర్డులకి మాత్రం చాటింపు రకం పెట్టింది. అక్కడ ఇంకో తమాషా జరిగింది. క్యాంటీన్ బోర్డుని క్యాంటీన్‌వాడు తనకి తీరినప్పుడు వెలిగించేవాడు. చాటింపు వేసేటప్పుడు ఇంట్లో లేనివాడికి ఆ మాట ఎలా అందుతుంది? అప్పటిదాకా వచ్చిన నంబర్లు ఆ బోర్డుకి తెలియవు, ఖాళీగా వెలుగుతూ ఉండేది. ఇంకా పిలవలేదనుకుని రైతులు నింపాదిగా పెసరట్లు తినేవారు. రూబీ దానికీ మందు వేసింది. బోర్డు వెలగ్గానే ముందు ఇప్పటిదాకా ఏమైందో అడిగి తెలుసుకుని, ఆ తరవాత చాటింపు వింటుంది.

అది చూసి సోములు గదిలోకి తొంగిచూశాడు. "అమ్మా, ఆ సాటింపు ఎంతమందికైనా ఇనబడతాదా?"

"ఎంతమందికైనా బాబాయ్."

"అయితే నాకూ ఓ బోర్డు పడీ. సిన్నదే."

పాత మానిటర్ ఒకటి మైకు పక్కన పెట్టించింది. ఇక నంబరు మరిచిపోయే బాధ సోములుకి లేదు. కళ్లెదుట వెలుగుతుంది, చదివితే చాలు. మిగిలిన బుర్రంతా కబుర్లకే. ఆ సీజనులో అతను వినిపించినన్ని ఊసులు అంతకుముందు ఎన్నడూ వినిపించలేదని అందరూ ఒప్పుకున్నారు. బోర్డులు పెట్టింది అతన్ని తగ్గించడానికని నరసింగరావుకి గుర్తుంది గానీ, బళ్లు కదులుతున్నాయి కదాని ఊరుకున్నాడు.

జనవరి మంచుకి సోములు గొంతు పూర్తిగా పూడుకుపోయింది. నోరు తెరిస్తే గాలే. బోర్డులు మూడూ చక్కగా వెలుగుతున్నాయి, నంబర్లు తప్పుల్లేకుండా మారుతున్నాయి, ఒక్క బండీ కదలదు. యార్డులో ఒక్కడూ బోర్డు వంక చూడడంలేదు. అందరూ స్పీకరు వంక చూస్తున్నారు.

సోములు చేతులు తిప్పుతూ రూబీని పిలిచి మైకు అందించాడు. చర్చిలో బైబిలు చదవమంటేనే వెనక బెంచీకి జారుకునే పిల్ల ఆమె. అయినా రోడ్డు మీద బస్సు హారన్ మళ్లీ వినబడేసరికి మైకు పుచ్చుకుంది.

"ముప్పై ఒకటి, కొత్త కాటా. ముప్పై రెండు, పాత కాటా."

"సావు కబురు సెప్పినట్టు సెప్తావేటే!" దూరంనుంచి తవిటమ్మ కేక. "కాసింత ఉప్పూ కారం ఎయ్యి!"

యార్డు గొల్లుమంది. రూబీ మొహం ఎర్రబడింది. సోములు పక్కనే నిలబడి, ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అని సైగలు చేస్తున్నాడు.

"ముప్పై మూడు," అంది ఆమె. కాటా వైపు చూసింది. "ముప్పై మూడు ఎవులండీ? తవిటమ్మా, నీదే! ఊరందరి మీదా అరిసినావు, నీ ఎడ్లు సూడు, నువ్వు రాకుండానే కాటా ఎక్కిపోతన్నాయి!"

తవిటమ్మ ఉలిక్కిపడి వెనక్కి చూసి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరుగెత్తింది. ఆ నవ్వుల్లో ముప్పై నాలుగో నంబరు తనంతట తానే ముందుకొచ్చింది.

వారం తిరిగేసరికి సోములుకి గొంతొచ్చింది. మైకు తీసుకున్నాడు, కానీ మొత్తం తీసుకోలేదు. మధ్యాహ్నం భోజనం వేళ దాన్ని టోకెన్ గది కిటికీలోంచి లోపలికి అందించి, "నాను రెండు ముద్దలు తినొస్తాను, నువ్వు కానీ," అనడం అలవాటు చేసుకున్నాడు. ఆ పూట ఎక్కువసేపే తినేవాడు.

రూబీ ఆ ఫ్యాక్టరీలో మరి మూడు సీజన్లు పనిచేసింది. మూడో సీజనులో పాతపట్నం నుంచి చూడవచ్చిన పెళ్లికొడుకు ప్రకాష్, ఇంట్లో అమ్మాయి లేదని తెలిసి, తిన్నగా యార్డుకే వచ్చాడు. గేటు కావలివాడు చెరకు బండి మనిషనుకుని అతని చేతిలో టోకెన్ పెట్టాడు. ప్రకాష్ కాసేపు ఆలోచించి, టోకెన్ జేబులో వేసుకుని, ట్రాక్టర్ల వెనక వరసలో నిలబడ్డాడు.

"ఎనభై ఆరు, కొత్త కాటా! ఎనభై ఆరో నంబరు బండేదండీ?" అంటూ రూబీ గొంతు వినబడింది.

"బండి లేదండీ," అన్నాడు ప్రకాష్, చెయ్యెత్తి. "మనిషొక్కడే."