పాత కల్లు దుకాణం అరుగు మీద ఒక పొద్దు

మా సునీత తలాఠీ అయిందండీ! ఊరి భూముల లెక్కలన్నీ ఇక నా బిడ్డ చేతి మీదుగానే సాగుతాయి. గుంటెడు చెలక లేని ఇల్లు మాది! ఆర్డరు రాగానే నాకు గుడికంటే ముందు మా పుట్టిన ఊరి కల్లు దుకాణం గుర్తుకొచ్చింది. రోడ్డు వెడల్పు కోసం దాన్ని పడగొడతారట. అది ఉండగానే బిడ్డకు చూపించాలని మనసు ఆగలేదు.

నాందేడ్‌లో పొద్దున్నే హిమాయత్‌నగర్ బస్సు ఎక్కాం. రెండు గంటల పైనే ప్రయాణం. కండక్టరుకు టికెట్టుకంటే ముందు వార్తే చెప్పాను. “అభినందన్ కాకా! పేఢే కుఠే?” అని పేడాలు అడిగాడు. “బస్సంత చెప్తవా ఏంది బాపూ?” అని సునీత ముఖం దాచుకుంది. అక్కడి నుంచి పత్తి చేల మధ్య షేర్ ఆటోలో అరగంట, మనిషికి ముప్పై రూపాయలు.

దుకాణం నిజాం కాలం నాటిది. మట్టిగోడలు, పెంకుల కప్పు, ముందు పొడవైన రాతి అరుగు. ఇప్పుడు నడిపేది లచ్చవ్వ. ఆమె అత్త, ఆ అత్తకు అత్త కూడా ఇక్కడే కల్లు పోశారు. ఉగాదికి ఆసాములు జీతగాళ్లను కుదుర్చుకునేది ఈ అరుగు మీదే. కాగితం లేదు, సంతకం లేదు. ఆసామి ముంతెడు కల్లు పోయించి ఇచ్చేవాడు. తాగితే ఏడాదంతా అతని పని. వద్దనుకుంటే ముంతను అరుగు మీద బోర్లించాలి. బోర్లిస్తే ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుంది? మా నాయన ఏటా తాగాడు. పోయే ముందు మాత్రం, “ఒక్కసారన్న ముంత బోర్లేద్దామని ఉండెరా పోశెట్టీ” అన్నాడు.

లచ్చవ్వ నన్ను పోల్చుకుంది. “ఎవలు, రాజన్న కొడుకువా? ముసలోనివైతివి గదరా!”

“నువ్వేమన్న పడుచుదానివా అవ్వా? ఇగో, నా బిడ్డ. తలాఠీ అయింది.”

ఆమె నవ్వు ఆగిపోయింది. సునీత ముఖం రెండు చేతులతో తడిమింది. లోపలికి వెళ్లి మట్టి ముంతలో ఈతకల్లు తెచ్చి, “మీ తాత కూసునే జాగ గిదే బిడ్డా” అని చూపించింది.

సునీతకు ముంత సంగతంతా చెప్పాను. తను ముంతను రెండు చేతుల్లోకి తీసుకుంది. తర్వాత, “తాతకు పోద్దామా బాపూ?” అంది. కల్లును అరుగు కింద మట్టిలో ధారగా పోసింది. ఖాళీ ముంతను తాత కూర్చునే చోట మెల్లగా బోర్లించింది.

“పెండ్లయి అచ్చినకాంచి నేను చూసిన మొదటి బోర్ల ముంత గిదే” అని లచ్చవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

వెళ్లేటప్పుడు ఆ అరుగు పోతుందని ఒకటే దిగులు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం, ఆ రాళ్లు ఏ కూలివాడి కొత్తింటికో మెట్లయితే చాలనిపించింది. మీరు వెళ్తే ఎండెక్కకముందే చేరండి, అప్పుడే కల్లు తియ్యగా ఉంటుంది. సాయంత్రం ఆటోలు దొరకవు, దిగేటప్పుడే డ్రైవరుతో మాట్లాడుకోండి.

ఇక వార్త చెప్పాల్సిన వాళ్లు: సగరోళిలో మా చిన్నక్క, నాయ్‌గావ్ మేనమామ, నిజామాబాద్‌లో బావమరిది, ఎప్పుడూ ఫోనెత్తని మా తమ్ముడు. మా నాయనకు చెప్పేశాం.